తమ్ముడు హ్యూస్టన్‌లో తూటాలు రీలోడ్ చేస్తాడట, మొదటి ప్రెస్ ఏది కొనమనాలి?

లేత్‌మేన్_గాజువాక:

అందరికీ నమస్కారం. మాది గాజువాక, ఆటోనగర్‌లో చిన్న టూల్‌రూమ్. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక పాత సర్ఫేస్ గ్రైండర్, నా లోకం అంతే. తుపాకుల గురించి నాకేమీ తెలీదు, ముందే చెప్పేస్తున్నా.

మా తమ్ముడు హ్యూస్టన్ దగ్గర సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఏడాదిగా శనివారం శనివారం ఒక స్నేహితుడితో షూటింగ్ రేంజికి వెళ్తున్నాడు. రైఫిళ్లు ఆ స్నేహితుడివే, ఒకటి పాయింట్ 22, ఇంకోటి పాయింట్ 308. ఇప్పుడు కొత్త పిచ్చి పట్టింది. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు, వాటినే కేసులంటారట, పారేయకుండా ఇంట్లోనే మళ్లీ తుపాకీ మందు పోసి, మూతి దగ్గర కొత్త బుల్లెట్ బిగించి వాడుకుంటారట అక్కడ, రీలోడింగ్ అంటారట. "అన్నా, నువ్వు పొద్దున్న లేస్తే డైలు, ప్రెస్సులే కదా, నాకొకటి సెలెక్ట్ చేసి పెట్టు" అని నాలుగు లింకులు పంపాడు. ఒకటి అల్యూమినియం బాడీ, ఒకటి పోత ఇనుము, ఒకదానికి పైన గుండ్రంగా తిరిగే ప్లేటు, నాలుగోది చూస్తే సోడా కంపెనీలో సీసాలు నింపే మిషన్‌లా ఉంది. ధరల్లో మొదటిదానికీ నాలుగోదానికీ పోలికే లేదు.

నాకైతే పోత ఇనుముదే నచ్చింది, కానీ అది నా అలవాటు వల్లో ఏమో తెలీదు. ఇంకోటి, మందు తూచడానికి కాటా కావాలట, కురుపాం మార్కెట్‌లో బంగారం తూచే కాటా కొని పంపితే సరిపోతుందా? మూడోది అసలు సంగతి. ప్రెస్‌లో బిగించే డైలు, అంటే అచ్చుల మీద త్రెడ్ చూశాను, 7/8 అంగుళం, అంగుళానికి 14. అది నేను ఎన్నిసార్లు కోశానో లెక్కలేదు. ఈఎన్31 స్టీల్‌లో ఇక్కడే తిప్పి, హార్డెనింగ్ చేయించి, గ్రైండ్ కొట్టి పంపేస్తే వాడికి డబ్బు మిగులుతుంది కదా అని నా ఆలోచన. సంక్రాంతికి వచ్చినప్పుడు ప్రెస్ కూడా పట్టుకొస్తాను, నీ షాపులో బిగించి చూద్దాం అంటున్నాడు వాడు. ఏమంటారు?

డల్లాస్_వైజాగోడు:

అన్నా, మాది సీతమ్మధార, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, నేనూ ఈ పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

ముందు పాయింట్ 22 సంగతి మర్చిపొమ్మనండి. అది రిమ్‌ఫైర్. అందులో నిప్పు పుట్టించే మిశ్రమం కేసు అడుగున అంచు మడతలోపలే ఉంటుంది, పిన్ను ఆ అంచు మీద కొట్టి సొట్ట పెడుతుంది, దాంతో ఆ కేసు పని అయిపోయింది. 308 అలా కాదు, సెంటర్‌ఫైర్. అడుగున నడిమధ్యలో చిన్న గిన్నెలాంటి ప్రైమర్ విడిగా కూర్చుని ఉంటుంది, దాన్ని తోసేసి కొత్తది పెట్టుకోవచ్చు. అదీ లోపల ఒకే ఒక్క చిల్లు ఉండే బాక్సర్ రకం అయితేనే హాయి, రెండు చిల్లుల బెర్డాన్ రకం జోలికి పోవద్దు. ఇనుప కేసులు, అల్యూమినియం కేసులు దొరికినా ఏరుకోవద్దు, ఇత్తడే.

ప్రెస్ చేసే పని మీకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కాల్చినప్పుడు కేసు గోడలు ఉబ్బి తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ సైజుకి వెళ్తాయి, ప్రెస్ ఆ కేసుని డైలోకి నెట్టి మళ్లీ పాత సైజుకి నొక్కుతుంది, తర్వాత ఇంకో డైతో బుల్లెట్‌ని మెడలో కూర్చోబెడుతుంది. కాబట్టి మొదటి ప్రెస్ అంటే నా ఓటు సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే డై, ఒకే పని), పోత ఇనుము, ఓ-ఫ్రేమ్ (చుట్టూ మూసి ఉండేది). ముందు తెరిచి ఉండే సీ-ఫ్రేమ్ గట్టి లోడుకి నోరు తెరుస్తుంది, అది మీకు నేను చెప్పాలా. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్, లీ క్లాసిక్ కాస్ట్, ఈ రెండిట్లో ఏది కొన్నా వాడి మనవలు కూడా వాడతారు. (ఆ రాక్ చక్ అనేది కొండల్లో తిరిగే ఒక ఉడుత జాతి జంతువు. దాన్ని వేటాడే బుల్లెట్లు చేసుకోవడానికి 1943లో ఒకాయన ఒక డై తయారుచేశాడు, ఆర్‌సీబీఎస్ అనే కంపెనీ పేరులో మొదటి రెండక్షరాలు ఆ రాక్ చక్‌వే.) మీరన్న సోడా మిషన్‌ని ప్రోగ్రెసివ్ అంటారు, హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఒకేసారి నాలుగైదు చోట్ల నాలుగైదు పనులు జరుగుతుంటాయి, కొత్తవాడికి ఎక్కడ తప్పు జరిగిందో కనపడదు. నెలకి వందో రెండొందలో 308 కాల్చేవాడికి అది దండగ.

ప్రెస్ ఒక్కటే కాదు, డై సెట్, ఆ కేసు అడుక్కి సరిపోయే షెల్ హోల్డర్, ప్రైమర్ నొక్కే చేతి పనిముట్టు, కాటా, పొడవు కొలిచే వెర్నియర్, కేసు పొడవు కోసే ట్రిమ్మర్, కేసులు నిలబెట్టే చిల్లుల చెక్క, కేసు డైలో పట్టేయకుండా రాసే లూబ్, ఇవన్నీ కావాలి. వెర్నియర్ మాత్రం మీ దగ్గర ఉన్న మంచిది ఒకటి ఇచ్చేయండి. 308 కేసు నొక్కినప్పుడల్లా పొడవు సాగుతుంది, 51.18 మిల్లీమీటర్లు దాటితే కోసేయాలి, లేకపోతే మెడ ఛాంబర్ చివర ఇరుక్కుని ప్రెషర్ లేచిపోతుంది. వీటన్నిటికంటే ముందు కొనాల్సింది పుస్తకం, లైమన్‌దో హార్నడీదో రీలోడింగ్ మాన్యువల్. ఏ బుల్లెట్‌కి ఏ మందు ఎంత అనేది అందులో చూడాలి, కనిష్ఠం దగ్గర మొదలుపెట్టాలి. యూట్యూబ్‌లో ఎవడో చెప్పిన లెక్క కాదు.

లూబ్ అన్నాను కదా, దాని మీద నా కథ ఒకటి. మొదటి వారంలో ఒక కేసుకి లూబ్ రాయడం మర్చిపోయి హ్యాండిల్ నొక్కేశాను. సగం దాకా వెళ్లి ఆగింది. తెలివితక్కువగా ఇంకా బలంగా లాగితే షెల్ హోల్డర్ కేసు అంచుని చింపుకుని బయటికొచ్చింది, కేసు మాత్రం డైలోనే బిగుసుకుపోయింది. చివరికి దాని అడుగుని డ్రిల్ చేసి, ట్యాప్ కొట్టి (లోపల మరలు కోసి), బోల్టు బిగించి బయటికి లాగాను. మీకైతే రెండు నిమిషాల పని, నాకు ఆదివారం మొత్తం పోయింది.

ఎంవీపీ_సెక్టార్4:

ఏటి గురూ, పోస్టు చూసి ఆటోనగర్‌లో తూటాల ఫ్యాక్టరీ పెడుతున్నావేమో అనుకున్నాను 😄 ఎవరైనా లాయర్ వచ్చి మూడో ప్రశ్న చూడండి బాబ్బాబు.

బీచ్‌రోడ్_వకీలు:

వచ్చాను. లేత్‌మేన్ గారూ, మొదటి రెండు ప్రశ్నలు నాకు తెలియవు, మూడోదానికి మాత్రం వద్దు అని ఒక్క మాటలో జవాబు. ఎందుకో వినండి.

మన ఆయుధాల చట్టం 1959లో అమ్యూనిషన్ అంటే ఏమిటో సెక్షన్ 2(1)(బి)లో ఉంది. అందులో తూటాలే కాదు, వాటి భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా లెక్కలోకే వస్తాయి. అంటే మీ తమ్ముడు సంక్రాంతికి సూట్‌కేసులో పెట్టుకొచ్చే ప్రెస్ ఉందే, లోపల గింజంత మందు లేకపోయినా చట్టం కళ్లకి అది అమ్యూనిషనే. మీరు ఈఎన్31లో తిప్పే డై కూడా అదే దారిలో పడుతుంది. లైసెన్స్ లేకుండా తయారుచేయడం సెక్షన్ 5 కింద నిషేధం. 2019 సవరణ తర్వాత సెక్షన్ 25(1) కింద శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. "మా తమ్ముడి కోసం అండీ, అమెరికా పంపడానికి" అంటే కేసు ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే అప్పుడు ఎగుమతి కూడా వచ్చి చేరుతుంది.

డిజైన్ చూసి చెప్పడం, ఏ ప్రెస్ గట్టిదో ఫోన్లో మాట్లాడుకోవడం, అదంతా ఏ ఇబ్బందీ లేదు. మీ షాపు గుమ్మం దాటి ఆ సామాను లోపలికి రాకూడదు, అంతే.

లేత్‌మేన్_గాజువాక:

అమ్మో. యంత్రం కూడా అమ్యూనిషన్ అని అస్సలు ఊహించలేదు సార్. నిన్న సాయంత్రం ఊరికే ఒక డ్రాయింగ్ గీశాను, ఇప్పుడే చింపేశాను. డ్రాయింగ్‌కి ఏమీ కాదు కదా 🙏

వెర్నియర్ అయితే పంపేస్తా, డల్లాస్ బ్రదర్ చెప్పినట్టు. ఆ డ్రిల్, ట్యాప్ కథ మా కుర్రాళ్లకి చదివి వినిపించాను, టీ తాగుతూ ఒకటే నవ్వు.

ఎన్ఏడీ_పెద్దాయన:

ఊళ్లో అందరూ ఎన్ఏడీ జంక్షన్ అంటారు, ఫ్లైఓవర్ ఎక్కుతారు దిగుతారు, ఆ మూడక్షరాలు నేవల్ ఆర్మమెంట్ డిపో అని ఎంతమందికి తెలుసో మరి. నేను అక్కడే చేసి రిటైరయ్యాను. లోపలి పని గురించి అడగొద్దు, చెప్పను. మందు పక్కన మనిషి ఎలా మసలుకోవాలో మాత్రం చెప్తాను.

పైన బాబు ప్రెస్ గురించి బాగా రాశాడు. కానీ ప్రాణాలు తీసేది ప్రెస్ కాదు, కాటా దగ్గర కూర్చున్న మనిషి పరధ్యానం. కొన్ని రకాల మందు కేసులో సగం కూడా నిండదు, పిస్టల్ తూటాల్లో మరీను. అంటే పొరపాటున రెండోసారి పోసినా పైకి పొంగదు, పట్టేస్తుంది. ఆ తూటా పేలితే తుపాకీ ముక్కలవుతుంది. దానికి ఎదురు పొరపాటు ఇంకోటి, అసలు మందే పోయకపోవడం. ప్రైమర్ బలానికే బుల్లెట్ కదిలి తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటుంది, టప్ మని చిన్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు, కొత్తవాడు ఏదో తుస్సుమంది అనుకుని రెండోది కాలుస్తాడు. అందుకే చిల్లుల చెక్కలో కేసులన్నీ వరసగా నిలబెట్టి, మందు పోశాక టార్చిలైటు పట్టుకుని పైనుంచి ఒక్కో కేసులోకి చూడాలి, అన్నిట్లో మందు ఒకే ఎత్తులో ఉందా అని. బుల్లెట్ పెట్టేది దాని తర్వాతే. ఆ గదిలో టీవీ ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ బ్యాచి మొత్తం మళ్లీ మొదట్నుంచి.

లేత్‌మేన్ బాబుకి అర్థమయ్యే లెక్క ఒకటి చెప్తాను. 308కి అనుమతించే గరిష్ఠ ప్రెషర్ చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, మన లెక్కలో 4,270 బార్ పైమాట. సీఎన్జీ ఆటో సిలిండర్లో గ్యాస్ నింపేది 200 బార్‌కి. ఇరవై రెట్లు పైనే అన్నమాట, అదీ మొహానికి జానెడు దూరంలో.

సైనిక రకం 7.62 కేసులు రేంజిలో దొరుకుతాయి, 308 రైఫిల్లో పడతాయి కూడా. వాటి గోడలు మందం, లోపల చోటు తక్కువ, అదే మందు పోస్తే ప్రెషర్ ఎక్కువ వస్తుంది. వాటిని విడిగా పెట్టుకోమను. ప్రతి కేసునీ వెలుతురులో తిప్పి చూడమను, అడుక్కి కొంచెం పైన మెరిసే గీతలాంటి ఉంగరం కనిపిస్తే లోపల గోడ పల్చబడినట్టు, చెత్తబుట్టలో వేయాలి.

ప్రైమర్లని ఎప్పుడూ వాటి డబ్బాలోనే ఉంచాలి, గాజుసీసాలో గుమ్మరించి గలగలలాడించకూడదు. మందు కూడా కంపెనీ డబ్బాలోనే. చాలాచోట్ల ఇళ్లకి పాటించే అమెరికా ఫైర్ కోడ్‌లో 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్లు హద్దు. నన్నడిగితే రెండు డబ్బాలు దాటి అక్కర్లేదు. హ్యూస్టన్‌లో కూడా మనలాగే ఉక్కపోతట, గ్యారేజీలో కాకుండా ఏసీ గదిలో పెట్టమను.

ప్రైమర్లలో సీసం ఉంటుంది. కేసులు కడిగిన నీళ్లు, తుడిచిన దుమ్ము, వాటి దగ్గరికి పసిపిల్లలు రాకూడదు. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోకూడదు. ఆ పని చేసే గదిలో టీ కూడా వద్దు బాబూ, మీ కుర్రాళ్లలాగ.

ఆస్టిన్_అక్క:

డల్లాస్ తమ్ముడితో నాకు కొంచెం పేచీ ఉంది. సింగిల్ స్టేజ్ మంచిదే, కానీ పైన గుండ్రంగా తిరిగే ప్లేటుది ఉంది చూశారా, టరెట్ అంటారు, నేను దాంతోనే మొదలుపెట్టాను. డైలు ఒకసారి సెట్ చేసి అలాగే వదిలేయొచ్చు, ప్లేటు తిప్పితే తర్వాత డై వస్తుంది. తొందరలేకపోతే తిప్పడం ఆపేసి సింగిల్ స్టేజ్‌లాగే వాడుకోవచ్చు. ప్లేటు దగ్గర కొంచెం ప్లే (వదులు) ఉంటుంది, ఒప్పుకుంటాను, లేత్‌మేన్ గారికి అది నచ్చదని కూడా తెలుసు. కానీ వాడేమీ ఒలింపిక్స్‌కి వెళ్లట్లేదు కదా. అన్నీ కలిపి అమ్మే కిట్టు మాత్రం నేనైతే కొననివ్వను, అందులో వచ్చే కాటా, ట్రిమ్మర్ ఆర్నెల్లలో పక్కన పడేస్తాం.

కాటా మాటకొస్తే, ఇక్కడ మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, కాటా అందులో పదోవంతు చూపించాలి, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. 10 మిల్లీగ్రాములకి గానీ అంకె మారని బంగారం కాటా అయితే సరిపోదు, కాబట్టి కురుపాం మార్కెట్‌ది వద్దు. ఎలక్ట్రానిక్‌ది ఏసీ గాలికీ, చల్లగా ఉన్న గదికీ అంకె జారుతుంటుంది, నాకు ఒకసారి అరగంటలోనే జారింది. నేను ఇప్పుడు తక్కెడ బద్దలా ఊగే బీమ్ కాటాతోనే తూస్తాను, బ్యాటరీ లేదు, గోల లేదు. దానికీ పరీక్ష తూకపురాళ్లు ఉండాలి.

ఇంతకీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. మీ తమ్ముడు ఏ వీసా మీద ఉన్నాడు? హెచ్1బీ అయితే ప్రెస్ సంగతి తర్వాత. ఇక్కడి ఫెడరల్ చట్టంలో నాన్ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్లు ఎక్కువగా వాడుకునేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. టెక్సాస్‌లో అది తీసుకోవడం పెద్ద కష్టం కాదు. గ్రీన్‌కార్డు వచ్చి ఉంటే ఈ గొడవే లేదు. స్నేహితుడి రైఫిలే కదా అనుకుంటారు, చేతిలో పట్టుకుంటే అది కూడా దగ్గర పెట్టుకోవడం కిందకే రావొచ్చు. సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఇక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, కానీ చేసిన తూటాలు అమ్మడం మొదలుపెడితే వేరే లైసెన్స్ కావాలి. వాడి స్నేహితుడికి డబ్బులకి చేసిపెట్టే ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే తుంచేయండి.

డల్లాస్_వైజాగోడు:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే మొదలుపెట్టాను కాబట్టి ఆ మాటే తట్టలేదు. టరెట్ విషయంలో మాత్రం రాజీ పడను 😄

లేత్‌మేన్_గాజువాక:

అక్కా, వాణ్ని అడిగాను. హెచ్1బీనే. వేట లైసెన్స్ అంటే ఏమిటో కూడా తెలీదు. రెండు రోజులు మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు, మూడో రోజు రాత్రి ఫోన్ చేసి "అన్నా, రేంజిలో నన్ను ఎవరూ అడగలేదు" అన్నాడు. అడగకపోతే ఒప్పైపోతుందా అని నాలుగు తిట్టాను. లాయర్‌తో మాట్లాడి, లైసెన్స్ తీసుకునేదాకా రేంజి గుమ్మం తొక్కనన్నాడు. ఈలోపు లైమన్ పుస్తకం మాత్రం కొన్నాడు, చదువుకోమన్నాను. ప్రెస్ ఏదో అప్పటికి చూద్దాం, నాకు పోత ఇనుము మీదే మనసుంది, అక్క ఏమీ అనుకోవద్దు.

వకీలు గారూ, మీకు ఒక చిన్న సందేహం. పోయినసారి వచ్చినప్పుడు వాడు ఒక ఖాళీ 308 కేసు తెచ్చి కీచైన్ చేసుకోమని నాకిచ్చాడు. నేను పట్టించుకోలేదు, మా అమ్మ దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించి దేవుడి గూట్లో అగరుబత్తి స్టాండుగా పెట్టుకుంది. మెడ సన్నగా ఉంటుంది కదా, అగరుబత్తి నిలువుగా నిలబడుతుంది. ఇప్పుడు అది ఇంట్లో ఉంటే ఏమైనా ఇబ్బందా?

బీచ్‌రోడ్_వకీలు:

ప్రైమర్ లేని, మందు లేని ఒక్క ఖాళీ కేసు, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేదు, ఇలాంటి చిల్లర భాగాలకి సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. పూజకి వాడుకుంటుంటే భయపడక్కర్లేదు. కానీ పొరపాటున అది ఏ బ్యాగులోనో పడి ఎయిర్‌పోర్టుకి వెళ్లిందనుకోండి, స్కాన్లో దాని ఆకారం చూసి పక్కకి పిలుస్తారు. చివరికి కోర్టులో తేలిపోవచ్చు, తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అనే చూస్తారు, కానీ ఆరోజు ఫ్లైట్ మిస్సవుతుంది, తర్వాత తిరుగుడు మిగులుతుంది. ఎందుకొచ్చిన టెన్షన్, తీసేయండి.

లేత్‌మేన్_గాజువాక:

తీసేశాను సార్. కేసుని వైస్‌లో పెట్టి నలిపేసి ఇత్తడి తుక్కులో వేశాను. అమ్మకి ఆటోనగర్‌లోనే ఇత్తడి రాడ్డు ముక్క తిప్పి, మధ్యలో రెండున్నర మిల్లీమీటర్ల చిల్లు వేసి కొత్త స్టాండు చేసిచ్చాను. పాతదే బాగుండేది, బూడిద దాన్లోనే పడేది, ఇది గూడంతా చేస్తోంది అంటోంది. రేపు కింద పళ్లెం కూడా తిప్పాలి.